పదమూడు మూరల పట్టీ

బొంత అంచుకు ఎంత పట్టీ పడుతుందో లెక్క కట్టడంలో తిరుమలగిరి బజారు మొత్తంలో నన్ను మించినవాళ్ళు లేరు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. కూరగాయల మార్కెట్ పక్క సందులో నా కుట్టుమిషను దుకాణం ఉంది, వచ్చి ఎవరినైనా అడగండి. యాదలక్ష్మి చెప్పిందంటే గుడ్డ బెత్తెడు తగ్గదు, బెత్తెడు మిగలదు అంటారు. అలాంటిదాన్ని, నా సొంత కూతురి తొలి బిడ్డ బొంత దగ్గరకు వచ్చేసరికి నా బుద్ధి గడ్డి తిన్నది. దానికి కారణం నేను కాదు, నారాయణపేటలో ఉన్న మా వియ్యపురాలు హనుమమ్మ.

మా శ్రీవాణి పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన నాటి నుంచి దాని నోట్లో అత్తమ్మ తప్ప వేరే మాట లేదు. నేను వండిన పథ్యం తింటూ, అత్తమ్మ జొన్నరొట్టె ఎంత మెత్తగా చేస్తుందో నాకు వివరిస్తుంది. నేను పసిదాన్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తుంటే, ఇది ఫోను పట్టుకుని అత్తమ్మకు వీడియో చూపిస్తుంది. పిల్లకు ఆవలింత వచ్చినా, తుమ్ము వచ్చినా నారాయణపేటకు కబురు పోవలసిందే. నేను మా అత్తతో మాట్లాడాలంటే తలుపు చాటున నిలబడి మాట్లాడేదాన్ని. ఇదేమో నాతో మాట్లాడినట్టే ఆమెతో మాట్లాడుతుంది. తిన్నవా అత్తమ్మా, మోకాళ్ళు ఎట్లున్నయి అత్తమ్మా, మందు రాసుకున్నవా అత్తమ్మా. నా మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

మా ఆయన జంగయ్య దగ్గర ఈ మాట ఎత్తితే, అత్త మంచిదైతే బిడ్డ సుఖంగా ఉంటుంది, నీకెందుకు కడుపుమంట అన్నాడు. ఆ సంగతి నాకు తెలియదా? అత్త మంచిది దొరకాలని ముడుపు కట్టింది నేనే. కానీ మంచితనానికి కూడా ఒక హద్దు ఉండాలి కదా. ఇరవై ఏళ్ళు కడుపులో పెట్టుకుని పెంచిన పిల్ల, పెళ్ళయిన ఏడాదికే పూర్తిగా అటు తిరిగిపోతే తల్లికి మండదా? నాకు మండింది. దాచుకోవడం ఎందుకు?

మా నేతపని ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. తొలి బిడ్డ బొంతను బాలింత తల్లిగారింట్లోనే కుట్టాలి. బిడ్డ పుట్టకముందు సూది ముట్టరు. పుట్టాక, అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలను పొరలు పొరలుగా పరిచి, చేత్తోనే వరుసలు కుడతారు. లోపలి పొరలకు ఎన్ని అతుకులు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. చుట్టూ వేసే అంచు పట్టీకి మాత్రం అతుకు ఉండకూడదు. కాళ్ళ వైపు మొదలుపెట్టి, నాలుగు మూలలూ తిరిగి, మళ్ళీ కాళ్ళ వైపే ముగిసే ఒకటే గుడ్డ కావాలి. అతుకు పడితే పిల్లకు మంచిది కాదని మా అవ్వ చెప్పేది. మా ఇంట్లో మగ్గం పోయి చాలా ఏళ్ళయింది. మగ్గం గుంట మీద బండ పరిచి, దాని మీదే నా మిషను పెట్టుకున్నాను. మగ్గం పోయినా ఈ పద్ధతి మాత్రం పోలేదు.

శ్రీవాణి పెళ్ళి చేసిన నాటి నుంచే ఈ బొంత కోసం నా చీరలు ఐదు దాచిపెట్టాను. మంచి మంచివి. చుట్టూ వేయడానికి కనకాంబరం రంగు గుడ్డ కూడా తీసి ఉంచాను. ఆ చీరలు పెట్టెలోంచి తీసి చాప మీద పరుస్తుంటే, శ్రీవాణి పిల్లకు పాలిస్తూ చల్లగా ఒక మాట అన్నది.

"అమ్మా, పట్టీ మాత్రం అత్తమ్మ చీరెది ఏద్దాం. మా పెండ్లిల కట్టుకున్నది లేదా, తను నేసుకున్న చీరె. దాని అంచు కోసి పంపుతనన్నది."

నా చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. బొంత అంటే ఏమిటి? పైకి కనబడేది అంచు. లోపల నా చీరలు ఐదు కాదు, పది పెట్టినా ఎవరికి కనబడతాయి? రేపు నారాయణపేటలో ఇరుగుపొరుగు వచ్చి బొంత పట్టుకుని చూసి, అబ్బ, అంచు ఎంత బాగుంది, ఎవరిదమ్మా అంటారు. హనుమమ్మది అంటుంది నా కూతురు. లోపల ఎవరివి అని అడిగేవాళ్ళు ఉంటారా? నేను కుట్టాలి, ఆమె పేరు పడాలి. ఒళ్ళు భగ్గుమన్నది. అయినా పచ్చి బాలింతతో ఏం గొడవ పడతాను? సరే చూద్దాం అన్నాను.

ఆ పొద్దే హనుమమ్మ ఫోను చేసింది. ఆమె గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, అదే నాకు ఇంకా మంట. కుశలాలు అయ్యాక, పట్టీకి ఎన్ని మూరలు పడుతుందో జర లెక్క చూసి చెప్పు వదినా, చీర పన్నెండు మూరలు ఉంటుంది, చాలుతుందా అని అడిగింది. కొలిచి చెప్తానన్నాను.

కొలిచేదేముంది? ఇది నాకు నిద్రలో వచ్చే లెక్క. పసిపిల్ల బొంత వెడల్పు రెండు మూరలు, పొడవు రెండున్నర. చుట్టూ తిరిగితే తొమ్మిది. ఒక్కో మూల మడతకు బెత్తెడు పోతుంది, చివర ఒకదాని మీద ఒకటి ఎక్కించి మూయడానికి ఇంకో బెత్తెడు. అంతా కలిపి పది మూరలు అనుకుంటే హాయిగా సరిపోతుంది. హనుమమ్మ చీర అంచు చుట్టూ వచ్చి, రెండు మూరలు మిగులుతుంది కూడా. పది మూరలు చాలు వదినా అని చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తట్టింది నాకు. చీర ఉన్నది పన్నెండు మూరలే. అతుకు పడకూడదు. బొంత పెద్దదైతే ఆ చీర చాలదు.

తప్పేముంది చెప్పండి? నేను అబద్ధం ఆడలేదు. కొలత మార్చి చెప్పలేదు. బొంతను పెద్దది చేశాను, అంతే. మూడు మూరల వెడల్పు, మూడు మూరల పొడవు. చుట్టూ పన్నెండు, మూలలకూ మూతకూ కలిపి పదమూడు. ఐదు చీరలు చాలక ఇంకో రెండు తెచ్చి పరిచాను. జంగయ్య చూసి, ఇది పసిపోరిదానికా, ఎడ్లబండిలో పరచడానికా అని అడిగాడు. శ్రీవాణి కూడా గింత పెద్దగ ఎందుకమ్మా అన్నది. పిల్ల పెరగదా అన్నాను. నా నోటికి ఎవరు ఎదురు చెప్తారు?

హనుమమ్మకు నేనే ఫోను చేశాను. పదమూడు మూరలు పడుతుంది వదినా, నీ చీర చాలదు, ఫికర్ చేయకు, నా దగ్గర మంచి గుడ్డ ఉంది, దాంతో వేస్తాను అని చెప్పాను. అట్లనా వదినా, సరే తియ్యి అన్నది. అంతే. ఆ పూట నాకు అన్నం రుచిగా అనిపించింది. చాలాకాలం తర్వాత మా ఆయనకు ఇష్టమైన పచ్చిపులుసు చేసి పెట్టాను.

బొంత కుట్టడం మొదలుపెట్టాను. ఏడు పొరలకు సూది దిగాలంటే వేళ్ళు పుళ్ళు పడతాయి. అయినా దగ్గర దగ్గరగా వేశాను వరుసలు, బియ్యపు గింజ పట్టనంత దగ్గరగా. నా మనవరాలి బొంత లాంటిది ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఉండకూడదనుకున్నాను. సగం వరకూ వచ్చాక ఒకనాడు శ్రీవాణి ఫోను మాట్లాడి వచ్చి నా పక్కన కూర్చున్నది. దాని కళ్ళు తడిగా ఉన్నాయి. ఏమైందని అడిగితే చెప్పింది. చీర చాలదని తెలిశాక హనుమమ్మ ఊరుకోలేదట. పెద్ద మగ్గం మీద వాళ్ళాయన రాంచందర్ నేస్తుంటాడు. మూలన పడి ఉన్న చిన్న మగ్గానికి అంచు వరకే సన్నగా పడుగు ఎక్కించుకున్నదట. డాక్టరు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టొద్దని చెప్పి రెండేళ్ళయింది. అయినా దిగి కూర్చున్నదట, పదమూడు మూరల పట్టీ ఒక్క తీరుగా నేయాలని. కొడుకు, అంటే మా అల్లుడు శ్రవణ్‌కుమార్ వద్దని పోట్లాడితే, నా మనవరాలిదిరా అన్నదట.

చూశారా నా గతి. చీర అంచు కోసి పంపితే, పాత చీర ముక్క అని ఊరుకునేవాళ్ళు. ఇప్పుడేమైంది? మోకాళ్ళ నొప్పులతో మగ్గం గుంటలో దిగి నేసిన పట్టీ అయింది. నా ఏడు చీరలూ, నా వేళ్ళ పుళ్ళూ ఎవరికి గుర్తుంటాయి? నా చేతులతో నేనే ఆమెను పీట వేసి కూర్చోబెట్టాను. సూది పక్కన పడేసి, పెరట్లోకి పోయి, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

పట్టీ బస్సు పార్శిలులో వచ్చింది. నిజం చెప్పాలంటే, నేను అలాంటి నేత చూసి చాలా కాలమైంది. కుంకుమ రంగు మీద సన్నటి పసుపు గీతలు, ఎక్కడా ఒక్క పోగు తేడా లేదు. మూర వేసి చూశాను, పద్నాలుగు ఉన్నది. కొత్త గుడ్డ తడిస్తే ముడుచుకుంటుందని ఒక మూర ఎక్కువే నేసింది. శ్రీవాణి దాన్ని ముఖానికి ఆనించుకుని మురిసిపోయింది. ఎప్పుడు వేస్తవమ్మా అని నా వెంట పడింది. మీ అత్తమ్మ నిన్ను తీసుకుపోవడానికి వస్తుంది కదా, ఆమె ముందరే వేద్దాం, బాగుంటుంది అన్నాను. అసలు సంగతి ఏమిటంటే, నా చేతులు దాని మీదకు పోవడం లేదు.

బొంత పూర్తయ్యాక మళ్ళీ కొలిచాను. దగ్గర దగ్గరగా కుట్టేసరికి బొంత లోపలికి లాక్కున్నది. మూడు మూరలు ఉండవలసింది, నాలుగు వైపులా బెత్తెడు పైనే తగ్గింది. లెక్క వేస్తే పట్టీకి పన్నెండు మూరలు కూడా పట్టదు. హనుమమ్మ మొదట ఇస్తానన్న చీర అంచే చుట్టూ తిరిగి వచ్చి, ఇంకా కాస్త మిగిలేది. బొంత కుట్టే ప్రతి మనిషికీ నేను చెప్పే మొదటి మాట, కుట్టు పడ్డాకే పట్టీ కొలవమని. పరిచిన చీరల మీద కొలిచి నారాయణపేటకు చెప్పింది నేనే. కుళ్ళు కళ్ళకు అడ్డం పడితే కొలత ఏం కనబడుతుంది?

హనుమమ్మ వచ్చింది. శ్రవణ్‌కుమార్ భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కింది. శ్రీవాణి పిల్లను ఎత్తుకుని ఎదురు పోయింది. పోతూనే అత్తను వాటేసుకున్నది. పిల్లను ఆమె ఒళ్ళో పెట్టింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను, పనిమనిషిలా. ఆ ముసిముసి నవ్వులు, ఆ ముద్దులు చూస్తుంటే నాకు అక్కడ నిలవబుద్ధి కాలేదు. చాయ్ పెడతానని వంటింట్లోకి పోయాను.

చాయ్ తాగి మా ఆయనా, అల్లుడూ బజారుకు పోయారు. శ్రీవాణి పిల్లను నిద్ర పుచ్చడానికి లోపలి గదికి పోయింది. బొంత చాప మీద పరిచాను. హనుమమ్మ కాళ్ళు చాపుకుని దాని పక్కన కూర్చున్నది. మోకాళ్ళు వాచి ఉన్నాయి, చీర మీద నుంచే తెలుస్తున్నది. బొంత మీద చేయి వేసి ఒక్కో వరుసా తడుముతూ, లోపల ఏమేం చీరలు పెట్టినవు వదినా అని అడిగింది. ఇంతవరకూ ఎవరూ అడగని మాట అది. నేను చెప్పుకుంటూ పోయాను. శ్రీవాణిని జోలె కట్టి ఊపిన చీర, దాన్ని బడిలో చేర్పించిన రోజు కట్టుకున్న చీర, అది అమ్మవారు పోసి పడుకున్నప్పుడు పక్కలో పరిచిన చీర. ఆమె వింటూ ఉన్నది. తర్వాత బొంత మీద నుంచి చేయి తీయకుండానే మాట్లాడింది.

"వదినా, నీకు ఒక మాట చెప్త. పోయిన వానకాలం శ్రీవాణికి జరమొచ్చింది. నేనే పక్కల కూసున్న. నిద్రల అమ్మా అని పిలిచింది. నన్నే పిలుస్తాందనుకొని దగ్గరికి పోయిన. కండ్లు తెరిచి నన్ను జూసి, నువ్వా అత్తమ్మా అన్నది. మల్ల కండ్లు మూసుకున్నది. అది ఎవరి కోసం ఎతుకుతాందో నాకు తెల్వదా?"

ఆమె ఇంకా చెప్పింది.

"నాకు ఇద్దరు కొడుకులేనాయె. బొంత కుట్టే రాత నాకు లేదు. నువ్వు కుడుతున్నవంటే మస్తు కుళ్ళుగున్నది వదినా, నిజం చెప్తున్న. అంచన్న నాది ఉండాలె అని నేనే శ్రీవాణిని అడిగిన. అది అడగలే."

నాకు సంతోషం కలిగింది. దాచను, మొదట కలిగింది సంతోషమే. జ్వరంలో నా బిడ్డ నన్నే పిలిచింది. ఆమె రొట్టెలూ, ఆమె మంచితనమూ అన్నీ ఉండగా, నన్నే పిలిచింది. ఇన్ని నెలలుగా గుండెల మీద పెట్టుకున్న బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. ఆ వెంటనే ఆమె వాచిన మోకాళ్ళ మీద నా చూపు పడింది. ఈ మనిషికి ఈ పిల్ల విషయంలో దొరకగలిగింది ఒక్క అంచు. అది కూడా దొరకకుండా నేను బొంతను పెంచాను. ఆమె నన్ను చూసి కుళ్ళుకుని పట్టీ నేసింది. నేను ఆమెను చూసి కుళ్ళుకుని ఏం చేశానో తలుచుకుంటే తల ఎత్తలేకపోయాను.

పట్టీ తెచ్చి కాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టి గుండుసూదులతో చుట్టూ ఆనించాను. హనుమమ్మ పట్టీ అందిస్తూ ఉన్నది. నాలుగు మూలలూ తిరిగి వచ్చాను. మూసేటప్పటికి రెండున్నర మూరల పట్టీ నా చేతిలో వేలాడుతున్నది. హనుమమ్మ దాన్ని చూసింది, బొంతను చూసింది. జీవితమంతా మూరలు లెక్కపెట్టి నేసిన మనిషి. పన్నెండు మూరల చీర ఈ బొంతకు సరిపోయేదని ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఆమె ముఖంలో రంగు మారింది. సరిగ్గా అప్పుడే శ్రీవాణి లోపలి నుంచి వచ్చింది.

"గిదేందమ్మా, గింత మిగిలింది? నువ్వు లెక్క తప్పవు గద."

లెక్క తప్పావన్న మాట నేను ఎవరిచేతా పడేదాన్ని కాదు. మా ఆయన కొలత తప్పావంటే, రెండు రోజులు ఆయనతో మాట్లాడని మనిషిని నేను. కొత్త నేత కదా, సాగింది అనవచ్చు. నేత మీద తోసేస్తే అయిపోయేది. హనుమమ్మ నా ముఖంలోకే చూస్తున్నది, నేను ఏమంటానో అని.

"తప్పిన బిడ్డా. కుట్టక ముందే కొలిచి చెప్పిన. మీ అత్తమ్మ మోకాళ్ళు నా లెక్కతోనే ఖరాబైనయ్."

శ్రీవాణి నన్ను వింతగా చూసింది. హనుమమ్మ తల దించుకుని పట్టీ మీద ముడతలు సరిచేసింది. తర్వాత హనుమమ్మ, ఇంత పెద్ద మనిషి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"వదినా, ఒక్క పక్క నేను కుట్టన్నా?"

తల్లిగారింటివాళ్ళే కుట్టాలన్నది మా పద్ధతి. అది ఆమెకూ తెలుసు, అందుకే గొంతు అంత చిన్నగా వచ్చింది. నేను సూదిలో దారం ఎక్కించి, ముడి వేసి, ఆమెకిచ్చాను. బొంతను తిప్పి తల వైపు ఆమె ముందుకు జరిపాను. పిల్ల చెంప ఆనేది ఆ వైపే. నేనూ ఇంకో సూది తీసుకుని కాళ్ళ వైపు కూర్చున్నాను.

మగ్గం మీద అంత తీరైన చేయి, సూది పట్టుకుంటే తీరు తప్పుతున్నది. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి, వరుస పక్కకు పోతున్నది. నా దుకాణంలో పనిచేసే పిల్లలు ఇలా కుడితే అక్కడికక్కడే విప్పించేదాన్ని. ఆమె ఆ పక్క ముగించి, మంచిగున్నదా వదినా అని అడిగింది. మంచిగుంది అన్నాను.